సరుగుడు కంచె మీద నల్లబూజు: వదిలేయాలా, గీకేయాలా?

కొత్తపట్నం_తోట:
సముద్రానికి అర కిలోమీటరులో సరుగుడు గుంజల కంచె, వేపచెక్క గేటు. వార్నిష్ రెండో ఎండాకాలానికే పొరలుగా లేచిపోతోంది. లేచినచోట నల్లగా బూజు పట్టింది. నెదర్లాండ్స్‌లో పెయింటు బదులు బూజునే పెంచుతారంట గదా, దీన్ని ఇట్టే వదిలేయొచ్చా?

చేవకొయ్య:
ముందు అది ఏ నలుపో తేల్చండి. బట్టలకు వాడే బ్లీచ్ ఒక చుక్క వేయండి. రెండు మూడు నిమిషాల్లో పాలిపోతే బూజు. కదలకుండా మేకుల చుట్టే ఉంటే, ఇనుముకూ చెక్కలోని వగరుకూ పుట్టిన మరక. దానికి ఆక్సాలిక్ ఆమ్లం కావాలి.

తర్వాత దబ్బనం గుచ్చి పైకి మీటండి. పొడుగాటి పీచు లేస్తే కొయ్య గట్టిది. చిన్న ముక్క పుటుక్కున ఊడితే కుళ్లు మొదలైనట్టే, ఆ గుంజ మార్చాల్సిందే.

నెదర్లాండ్స్‌లో వాడేది ఆరియోబసీడియం పుల్యులాన్స్ అనే నల్ల ఈస్టు లాంటి శిలీంధ్రం. కుళ్లు బూజులా కొయ్యను తినేయదు, నూనె తిని బతుకుతుంది. దానిలోని నల్లరంగు పదార్థం, మెలనిన్, ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. గీత పడినా నూనె ఉన్నంతకాలం మళ్లీ కమ్ముకుంటుంది. కాకపోతే వాళ్లు శూన్యం, ఒత్తిడి పెట్టి అవిసె నూనెను కొయ్య లోపలికి ఎక్కించి, ఆ పైన శిలీంధ్రపు పూత వేస్తారు. మన బ్రష్షుతో నూనె పైపైనే దిగుతుంది. మీ కంచె మీదున్నది అదేనో కాదో కంటికి తెలియదు.

నూనెచేయి:
ఆ నలుపు కోసం ప్రయత్నించాలనుకుంటే పచ్చి అవిసె నూనే తీసుకోండి. 'బాయిల్డ్' అని అమ్మేదాంట్లో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు. పని ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య పెట్టుకోండి. తేమ మీటరు 15 శాతం లోపు చూపాలి. పాత వార్నిష్ మొత్తం తీసి 80 నంబరు ఉప్పుకాగితంతో ఆపేయండి, మరీ నున్నగా చేస్తే నూనె దిగదు. ముఖానికి మాస్కు ఉండాలి, బూజు దుమ్ము కొందరికి పడదు.

పొద్దున నీడలో రాసి, అరగంటకు ఇంకనిదంతా తుడిచేయాలి. తుడవకపోతే జిగురు మిగిలి, సముద్రపు గాలికి ఇసుకంతా అంటుకొని గేటే ఉప్పుకాగితమవుతుంది. వారం ఆగి మళ్లీ రాయండి, మామూలుగా మూడు కోటింగులు. గుంజల తలలకు మాత్రం ఐదారు, నీళ్లు తాగేది అక్కడే.

నూనె గుడ్డలు ఉండచుట్టి పడేయొద్దు. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే నిప్పు అంటుకొని మండుతాయి. నీళ్ల బకెట్లో ముంచండి.

కొత్తపట్నం_తోట:
నలుపు సమానంగా వస్తుందా? టేకు గేటుకైతే?

నూనెచేయి:
రాదు. అక్టోబరు, డిసెంబరు మధ్య వానల్లో నీడవైపు ముందు ముసురుతుంది, ఎండవైపు మచ్చలుగా నిలుస్తుంది. పచ్చగా వస్తే అది నాచు, గట్టి బ్రష్షుతో నీళ్లు పోసి తోమండి. టేకు చేవలోకి నూనె సరిగా దిగదు, దానికిది దండగ.

చేవకొయ్య:
ఇంకోటి. ఈ నలుపు ఎండను ఆపుతుంది గానీ చెదల్ని ఆపదు, నేలతేమనూ ఆపదు. గుంజ మట్టిలో ఉంటే పైన ఏం పూసినా కింద పోతుంది. చీమకుర్తి గ్రానైట్ తుక్కు ముక్కలు దొరుకుతాయి గదా, కాంక్రీటు దిమ్మె మీద అలాంటి ముక్క వేసి, జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పట్టీలతో గుంజను నేలకు జానెడు ఎత్తున బిగించండి. పట్టీ అడుగున నీళ్లు నిలవకుండా ఒక బెజ్జం వదలండి. ఆ బెజ్జం మరిచిపోతే పట్టీయే గిన్నె అవుతుంది.