కోన్ల మధ్య చక్కగా ఆడే పిల్లలు డిఫెండర్ ఎదురైతే బంతి పోగొట్టుకుంటున్నారు. ఏం మార్చాలి?

వైట్‌ఫీల్డ్_వారాంతం:

నమస్కారం. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లలకి శని, ఆదివారాలు పొద్దున 7 నుంచి 8 దాకా ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. మొత్తం 12 మంది, 9 నుంచి 11 ఏళ్ల వాళ్లు. అద్దె టర్ఫ్ దాదాపు 30 మీటర్ల పొడవు, 18 మీటర్ల వెడల్పు. సైజు 4 బంతులు ఎనిమిది ఉన్నాయి.

గంటలో 15 నిమిషాలు కోన్లు, 15 నిమిషాలు స్టెప్‌ఓవర్ (బంతి మీదుగా కాలు తిప్పి డిఫెండర్‌ని మోసం చేయడం) లాంటివి, 10 నిమిషాలు ఒకరిపై ఒకరు, మిగతా 20 మ్యాచ్. ఒకరిపై ఒకరు ఆడించేటప్పుడు ఆరుగురు ఇటు, ఆరుగురు అటు వరసలో నిలబడతారు. కోన్ల మధ్య ఎవరికీ బంతి తప్పదు. మ్యాచ్‌లో మాత్రం మూడు తప్పులు పదేపదే కనిపిస్తున్నాయి. కొందరు తల దించుకుని గుడ్డెద్దు చేలో పడ్డట్టు డిఫెండర్ మీదికే వెళ్తారు. కొందరు నాలుగు మీటర్ల దూరంలోనే స్టెప్‌ఓవర్ వేసేస్తారు, అవతలివాడు కదలనే కదలడు. ఇంకొందరు దాటుతారు గానీ రెండో అడుగులోనే డిఫెండర్ వెనక నుంచి వచ్చి బంతి లాగేసుకుంటాడు. ముందు దేన్ని సరిచేయాలి?

టచ్‌లైన్_పక్కన:

మూడూ వేరువేరుగా కనిపిస్తున్నాయి గానీ మూలం ఒకటేనండీ. కోను కాలు చాపదు. ఎప్పుడు తిప్పాలో చెప్పేది డిఫెండర్ కాలు. ఆ కాలిని చూడాల్సిన అవసరం మీ మొదటి అరగంటలో పిల్లలకి ఒక్కసారి కూడా రావడం లేదు.

ముందు ఆ పొడవాటి వరసలు తీసేయండి. ఒక్కో ఆటకి అర నిమిషం అనుకుంటే 10 నిమిషాల్లో 20 ఆటలు. ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి దాడి చేసే అవకాశం మూడు సార్లు, మహా అయితే నాలుగు. ఇలా చేసి చూడండి. టర్ఫ్‌ని సగం చేసి, ఒక్కో సగంలో 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పుతో రెండు దారులు గీయండి. నాలుగు దారులు, దారికి ముగ్గురు. ఒకరు దాడి, ఒకరు డిఫెన్స్, ఒకరు విశ్రాంతి. చివరి గీత దాటి అరికాలితో బంతి ఆపితే పాయింట్. డిఫెండర్ బంతి గెలుచుకుంటే ఊరికే తన్నేయకూడదు, ఎదుటి గీత దాకా తనే తీసుకెళ్లాలి. ఆట 8–10 సెకన్లలో తేలిపోతుంది, ఆ వెంటనే స్థానాలు మారాలి. 12 నిమిషాలు ఆడిస్తే ఒక్కొక్కరికి ఎనిమిది దాడులు దక్కుతాయి, ఊపిరి తీసుకునే సమయమూ మిగులుతుంది. వెడల్పు 8 మీటర్లు మించనివ్వకండి. అంతకంటే ఎక్కువైతే వేగంగా పరిగెత్తేవాడు పక్కనుంచి చుట్టేసి వెళ్లిపోతాడు, మోసం చేయడం నేర్చుకోడు.

ఇక దూరం. బంతికీ డిఫెండర్‌కీ మధ్య ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు ఉన్నప్పుడు ఫెయింట్ (ఒకవైపు వెళ్తున్నట్టు నటించి మోసం చేయడం) మొదలవ్వాలి. పిల్లలకి మీటర్ల లెక్క చెబితే ఎక్కదు. ‘వాడు కాలు చాపితే బంతి అందుతుందా? అయితే ఆలస్యమైంది. రెండు అడుగులు వేస్తేగానీ అందదా? అయితే తొందరపడ్డావు’ అని చెప్పండి. డిఫెండర్ ఎదురు పరిగెత్తుకుంటూ వస్తుంటే ఇంకాస్త ముందే మొదలుపెట్టాలి, ఎందుకంటే దూరం రెండు వైపుల నుంచీ తరుగుతుంది.

స్టెప్‌ఓవర్ కాసేపు పక్కన పెట్టి భుజం ఫెయింట్ ఒక్కటే నెల రోజులు చేయించండి. కుడికాలి పిల్లవాడు ఎడమకి వెళ్తున్నట్టు నటించి కుడికి వెళ్లడం. చివరి మూడు టచ్‌లూ చిన్నవిగా, బంతి కాలికి జానెడు దూరంలోనే ఉండాలి. ఎడమ పాదం బంతికి ఎడమవైపు అడుగు దూరంలో గట్టిగా పడాలి, మోకాలు వంగాలి, ఎడమ భుజం దిగాలి, చూపు కూడా అటే పోవాలి. బంతిని ముట్టుకోకూడదు, అది దాని మానాన దొర్లుతూ ఉంటుంది. అదే ఎడమ కాలితో నేలను తన్ని, కుడి పాదం చిటికెన వేలి వైపుతో బంతిని ముందుకీ పక్కకీ మధ్యలో, ఏటవాలుగా నెట్టాలి. తప్పు ఎక్కువగా జరిగేది మోకాలి దగ్గర. మోకాలు వంగకుండా భుజం మాత్రమే ఊగితే ఒంటి బరువు అటు పోనట్టే, డిఫెండర్ నమ్మడు. చీలమండ వదులుగా ఉంటే బంతి ముందుకి పోకుండా పూర్తిగా పక్కకి జారుతుంది.

దాటాక పోగొట్టుకోవడం గురించి. ఆ నెట్టుడు చిన్నదైతే డిఫెండర్ కాలికే దొరుకుతుంది. రెండు మీటర్లు ముందుకి పోవాలి, తర్వాతి రెండు అడుగులు పూర్తి వేగంతో పడాలి. మెల్లగా వచ్చి వేగంగా వెళ్లడమే సగం మోసం. ఆ తర్వాతి టచ్ డిఫెండర్ పరిగెత్తే దారికి అడ్డంగా, మళ్లీ మధ్యలోకి పడాలి. అప్పుడు మన వీపు అతని ముందుంటుంది. బంతి కావాలంటే చుట్టూ తిరిగి రావాలి, లేదా ఫౌల్ చేయాలి. ఈ అడ్డం కోత నేర్పకపోవడం వల్లే మీ మూడో సమస్య వస్తోంది.

లెఫ్ట్‌బ్యాక్_హెచ్‌ఎస్‌ఆర్:

పైన చెప్పినదానికి డిఫెండర్ వైపు నుంచి ఒక మాట కలుపుతాను. ఎటు వెళ్లాలో పిల్లవాడు ముందే నిర్ణయించుకుని రాకూడదు. డిఫెండర్ ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి ఏటవాలుగా నిలబడతాడు. ముందున్న కాలి వైపు నుంచి వెళ్లాలి. కుడికాలు ముందుంటే అతని నడుము ఎడమకి తిరిగి ఉంటుంది. అతని కుడివైపు నుంచి దాటితే ఒళ్లంతా తిప్పుకోవాలి, అందులోనే ఒక అడుగు వెనకబడతాడు. వెనక కాలి వైపు వెళ్తే అతను కోరుకున్న చోటికే వెళ్లినట్టు. రెండు కాళ్లూ ఒకే వరసలో పెట్టి నిటారుగా నిలబడితే ఎటైనా వెళ్లొచ్చు, కాళ్ల మధ్య సందు కూడా దొరుకుతుంది.

దీన్ని నేర్పడానికి మొదటి మూడు నిమిషాలు డిఫెండర్‌ని బంతి తీసుకోనివ్వకండి. కాళ్లు మారుస్తూ వెనక్కి తగ్గుతూ ఉండమనండి చాలు. దాడి చేసేవాడు ముందున్న కాలు ఏదో గట్టిగా ‘కుడి’, ‘ఎడమ’ అని అరవాలి. అరవాలంటే తల ఎత్తక తప్పదు. ‘తల ఎత్తు’ అని మీరు వందసార్లు అరిచినా రాని అలవాటు ఇలా వస్తుంది. తర్వాత కొన్ని నిమిషాలు ముందు కాలితో మాత్రమే బంతి తీసుకోనివ్వండి, ఆ తర్వాత పూర్తి ఆట. వైట్‌ఫీల్డ్ గుంపు అంటే తెలుగు, కన్నడ, హిందీ, తమిళం అన్నీ ఉంటాయి కదా, పిలుపు మాటలు మూడో నాలుగో పెట్టుకుని అందరికీ అవే వాడండి.

పంపు_సూది:

కోన్లు పూర్తిగా దండగ అన్నట్టు వినిపిస్తోంది, దానికి నేను ఒప్పుకోను. 1974లో ఫెయెనూర్డ్ క్లబ్‌కి యూఈఎఫ్‌ఏ కప్ (యూరప్ క్లబ్‌ల పోటీ) గెలిపించిన డచ్ కోచ్ వీల్ కూర్వర్ గొప్ప ఆటగాళ్ల కదలికలను విడదీసి పిల్లలకి నేర్పే పద్ధతి తయారుచేశాడు. అందులో బంతి మీద పట్టే పునాది. బంతిని చూడకుండా కాలితో తాకగలిగినవాడికే డిఫెండర్ పాదం చూసే తీరిక ఉంటుంది. కాకపోతే దానికి టర్ఫ్ అద్దె సమయం ఖర్చు చేయొద్దు. రెండు మీటర్ల చోటు చాలు, రోజూ ఇంటి దగ్గర పది నిమిషాలు. అరికాలితో లాగడం, రెండు పాదాల లోపలి వైపులతో అటూ ఇటూ ఆడించడం, ఒకే పాదం లోపలి వైపు, బయటి వైపు మార్చి మార్చి తాకడం. సగం సమయం బలహీనమైన కాలికే ఇవ్వాలి. టర్ఫ్ మీద వార్మప్‌లో ఐదు నిమిషాలు చాలు.

బంతి, బూట్లు కూడా చూడండి. ఆ వయసుకి సైజు 4 సరైనదే, చుట్టుకొలత 63.5–66 సెంటీమీటర్లు. అన్నయ్యల సైజు 5 బంతి (68–70 సెంటీమీటర్లు) కలిసిపోతే చిన్న టచ్ రాదు. గాలి బంతి మీద రాసినంతే కొట్టండి. రాయిలా బిగిస్తే టర్ఫ్ మీద పాదానికి తగిలి దూరంగా ఎగిరిపోతుంది. పొద్దున 7కి మంచు తడి ఉంటే బంతి జారుతుంది, మొదటి పది నిమిషాల తప్పులకి పిల్లల్ని అనకండి. టర్ఫ్‌కి పొట్టి రబ్బరు గుబ్బలు ఎక్కువగా ఉన్న బూట్లే వేయించండి. గడ్డి మైదానాల పొడవాటి బ్లేడ్ స్టడ్లు గట్టిగా తిరిగేటప్పుడు ఇరుక్కుని మోకాలికి, చీలమండకి దెబ్బ తెస్తాయి.

వైట్‌ఫీల్డ్_వారాంతం:

చాలా ఉపయోగపడిందండీ, ఈ శనివారమే దారులు గీస్తాను. రెండు సందేహాలు. నెలంతా ఒకటే ఫెయింట్ అయితే డిఫెండర్లు కనిపెట్టేయరా? గట్టు మీద తల్లిదండ్రులు ‘పాస్ ఇవ్వు, పాస్ ఇవ్వు’ అని అరుస్తారు, పిల్లలు బెదిరిపోయి బంతి వదిలేస్తున్నారు. దానికేం చేయాలి?

టచ్‌లైన్_పక్కన:

కనిపెట్టినా పర్వాలేదు. 1958, 1962 ప్రపంచకప్‌లు గెలిచిన బ్రెజిల్ జట్టులోని గారించా దాదాపు ఎప్పుడూ కుడివైపు నుంచే దాటేవాడు. అందరికీ తెలుసు, అయినా ఆపలేకపోయారు. సమయం, వేగం సరిపోతే ఒక్క కదలిక చాలు. తర్వాతి నెల దానికి జోడీగా రెండోది ఇవ్వండి. అదే ఫెయింట్ వేసి, డిఫెండర్ ముందే మన కుడివైపుకి కదిలిపోతే కుడి పాదం లోపలి వైపుతో ఎడమకి కోయడం. అప్పుడు కనిపెట్టినవాడే ఎక్కువ మోసపోతాడు.

తల్లిదండ్రులకి మాటతో కాదు, మైదానంలోనే హద్దు చూపించండి. టర్ఫ్‌ని మూడు భాగాలు చేయండి. మన గోల్ ముందు భాగంలో రెండు టచ్‌లలో పాస్. మధ్యలో వాళ్ల ఇష్టం. ఎదుటి గోల్ ముందు, ఎదురుగా ఒక్కడే ఉండి వెనక ఖాళీ ఉంటే దాటడానికి వెళ్లాల్సిందే. అక్కడ బంతి పోతే ఎవరూ నోరెత్తకూడదని ఆట మొదలయ్యే ముందే అందరికీ చెప్పండి. దాటి కొట్టిన గోల్‌కి రెండు పాయింట్లు పెట్టొచ్చు, కానీ మూడు వారాలకి మించి వద్దు. ఆ లెక్కకి అలవాటు పడితే పక్కన ఖాళీగా ఉన్న తోటివాడిని చూడటం మానేస్తారు. అందుకే రెండో నెల నుంచి ఆ 8 మీటర్ల దారుల్లోనే ఒక డిఫెండర్‌పై ఇద్దరు దాడి చేసే ఆట కూడా ఐదు నిమిషాలు ఆడించండి. డిఫెండర్ తోటివాడి వైపు ఒక్క అడుగు వేస్తే తనే దాటాలి, తన మీదికి వస్తే పాస్ ఇవ్వాలి.