పసుపు తీసిన చేనులో నువ్వులు: ఏ రకం వేయాలి, యూరియా ఎంత తగ్గించాలి?

రైతన్నలందరికీ నమస్కారం. మాది జగిత్యాల దగ్గర పల్లె. పసుపు తవ్వాక రెండెకరాల్లో ఎండాకాలం నువ్వులు వేస్తం. ఎర్ర చెలక, బావి నీళ్లు.

పోయినేడు చేను నడుమెత్తు పెరిగింది, ఆకు నల్లగా నిగనిగలాడింది. కాయ మాత్రం పైన కొసల్లోనే పట్టింది, కింది కణుపులన్నీ ఖాళీ. ఎకరాకు రెండు క్వింటాళ్లు కూడా దాటలేదు. పక్క చేను అన్న పంట అంత ఎత్తు లేకున్నా కాయ మొదటినుంచే గుత్తులుగా ఉంది.

సిఫారసు ఎకరాకు 16 కిలోల నత్రజని, 8 భాస్వరం, 8 పొటాష్ అంటరు. నత్రజనిలో సగం విత్తేటప్పుడు, మిగతాది నెల రోజులకు. అంటే యూరియా లెక్కన మొత్తం 35 కిలోల దాకా. కానీ పసుపుకు పోసిన పశువుల ఎరువు, మందుల బలం భూమిలో ఇంకా ఉంటది కదా? అట్లాంటప్పుడు విత్తేటప్పటి యూరియా మానేసి, నెలకు వేసేది మాత్రమే వేస్తే సరిపోతదా? భూసార పరీక్ష చేయిస్తున్న, కానీ పసుపు తర్వాత నువ్వులు వేసినోళ్ల అనుభవం నాకు ఎక్కువ కావాలి.

రకం సంగతి ఇంకోటి. తెల్ల నువ్వులకు రేటు బాగుంటదని శ్వేత, హిమ అనుకుంటున్న. మా నాయనకు గోధుమ రంగు ఎలమంచిలి 66 మీద నమ్మకం. ఒకే చేనులో రెండు రకాలు వేసి చూసినోళ్లున్నరా? పూలు ఆకుల్లెక్క మారి కాయ పట్టకుండా చేసే వెర్రి తెగులు దేనికి తక్కువ వచ్చింది? దాన్ని అంటించే దీపపు పురుగును ఎప్పటినుంచి కట్టడి చేసిన్రు?

విత్తనం ఈ వారంలోనే కొనాలె. మీ భూమి రకం, వేసిన ఎరువు, వచ్చిన దిగుబడి కూడా రాస్తే మేలు చేసినోళ్లయితరు.