కడుపునిండా పెట్టినా కుక్క తన మలమే తింటోంది, ఎందుకు?

గోధుమతోక: ఎనిమిది నెలల ల్యాబ్రడార్. తిండికి లోటు లేదు, హుషారుగానే ఉంది. దొడ్డికెళ్లగానే గిర్రున తిరిగి తినేస్తోంది. ఒంట్లో ఏదో లోపమంటున్నారు, నిజమేనా?

నల్లచెవి: బరువు తగ్గకుండా, మలం గట్టిగా వస్తుంటే లోపమయ్యే అవకాశం తక్కువండీ. తల్లికుక్క పిల్లల మలం తినేసి పడక శుభ్రంగా ఉంచుతుంది, అది సహజం. పెద్ద కుక్కల మీద కాలిఫోర్నియా యూనివర్సిటీ (డేవిస్) వాళ్ల సర్వే 2018లో వచ్చింది: 16 శాతం తరచూ తింటాయి. తిండి మీద ఆబ ఎక్కువున్నవి, ఇంట్లో తోడు కుక్క ఉన్నవి ఇందులో ఎక్కువ. తినేదీ చాలావరకు రెండు రోజుల్లోపు మలమే. నులిపురుగుల గుడ్లు అంటుకునే దశకు రాకముందే తోడేళ్లు అలా శుభ్రం చేసుకునేవేమోనని వాళ్ల ఊహ. ఊహ మాత్రమే.

పెరటిగేటు: అంటే తాజాది తింటే ప్రమాదం లేదన్నట్టేగా?

సూదిమందు: కాదు. జియార్డియా అనే పేగు పరాన్నజీవి, పార్వో వైరస్ తాజా మలం నుంచే అంటుకుంటాయి. ఇంకోటి: ఎంత తిన్నా చిక్కిపోతూ, మలం లేతరంగులో జిడ్డుగా, కుప్పలుగా వస్తుంటే క్లోమం ఎంజైములు చాలడం లేదేమో చూడాలి. అందుకు పస్తుంచి టీఎల్ఐ అనే రక్తపరీక్ష చేస్తారు. స్టెరాయిడ్లు, ఫిట్స్‌కి వాడే ఫినోబార్బిటాల్ ఆకలి పెంచుతాయి, అప్పుడూ ఇది మొదలవ్వచ్చు. మందు మాత్రం సొంతంగా ఆపకండి. మలం పరీక్షకిచ్చేటప్పుడు వేరే జంతువుల మలం తింటోందని చెప్పండి. మింగిన గుడ్లు అలాగే బయటికొచ్చి, లేని నట్టలు రిపోర్టులో కనిపిస్తాయి.

గోధుమతోక: తిండిలో కలిపే పొడులు? అనాస ముక్కలు?

నల్లచెవి: ఆ సర్వేలోనే పొడులూ మాత్రలూ పనిచేసింది 0 నుంచి 2 శాతం. అనాసకీ రుజువు లేదు. డబ్బు దండగ.

పెరటిగేటు: అసలు కిటుకు ఆ రెండు మూడు సెకన్లలోనే ఉంది. పెరట్లో అయినా లీష్ వేసే తీసుకెళ్లండి. పని అయిపోయి, నడుము లేపుతుండగానే, తల తిప్పకముందే పిలవాలి. ముక్కు దగ్గర ట్రీట్ పెట్టి నాలుగడుగులు పక్కకి నడిపించి, చిన్న ముక్కలు ఒక్కొక్కటే ఇవ్వండి. అది నములుతుండగా వేరేవాళ్లు మలం ఎత్తేస్తే ఇంకా మంచిది. తిరిగాక పిలిస్తే లీష్ గుంజులాటే మిగులుతుంది. అరిస్తే లాక్కుంటారన్న తొందరలో గుటుక్కున మింగుతుంది, తర్వాత చాటుకెళ్లి తింటుంది. మూతి రుద్దడం లాంటివి అసలొద్దు.

సూదిమందు: చిక్కం వేసేవాళ్లు నోరు తెరిచి రొప్పడానికి వీలున్న బుట్టలాంటిదే తీసుకోండి. మలం మెత్తగా ఉంటే మాత్రం మూతితో అదుముతుంది, మొత్తం సందుల్లోకి దూరుతుంది. అది కడగడం మీ ఓపిక.

గోధుమతోక: పిల్లి లిట్టర్ బాక్స్ వైపూ వెళ్తోంది.

పెరటిగేటు: అది నేర్పి మాన్పించేది కాదు, పిల్లి మాత్రమే దూరే సందు పెట్టి తలుపు బిగించండి.