కౌన్సిల్ దాచిన సామాను పారేశారు, పరిహారం ఎలా అడగాలి?

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) వ్యవహారాలు తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వండి.

అద్దె ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చి నిలువ నీడ లేనప్పుడు కౌన్సిల్ మాకు తాత్కాలికంగా ఒక గది ఇచ్చింది. సామాను అందులో పట్టదని వాళ్లే గోదాముకు తరలించారు. దాని అద్దె మాత్రం వారం వారం మా దగ్గర వసూలు చేశారు. ఇప్పుడు ఇల్లు దొరికి సామాను అడిగితే, నోటీసుకు మేము బదులివ్వలేదు కాబట్టి పారేశామంటున్నారు. ఆ నోటీసు పంపింది ఎక్కడికో తెలుసా? మేము ఖాళీ చేసిన పాత ఇంటికి! మమ్మల్ని ఈ గదిలో పెట్టింది వాళ్లే కదా?

సోఫా, మంచాలు పోతే పోయాయి. వాళ్ల జాబితాలో ‘వంటింటి సామాను, ఒక పెట్టె’ అని ఒక్క ముక్క ఉంది. అందులో ఉన్నది అంచు మీద అమ్మమ్మ పేరు చెక్కించిన ఇత్తడి గుండిగ, ఆవిడ జాడీలు.

1996 నాటి హౌసింగ్ చట్టం 211వ సెక్షన్ నిరాశ్రయుల సామాను కాపాడే బాధ్యతను కౌన్సిల్‌పై పెట్టిందని చదివాను. ముందు కౌన్సిల్‌కే ఫిర్యాదు చేయాలనీ, తేలకపోతే, సాధారణంగా విషయం మనకు తెలిసిన 12 నెలల లోపు అంబుడ్స్‌మన్‌ను (కౌన్సిళ్లపై ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారిని) ఆశ్రయించాలనీ తెలిసింది. ఫిర్యాదు ఇచ్చేశాను.

రసీదులు లేని పాత వస్తువులకు మీలో ఎవరికైనా విలువ కట్టి ఇచ్చారా? పెళ్లి ఫోటోల్లో ఆ గుండిగ కనిపిస్తుంది, అది సాక్ష్యంగా పనికొస్తుందా? తరలించిన రోజు తీసిన ఫోటోలు, పారేయమని ఎవరు ఆదేశించారన్న కాగితాలు డేటా రక్షణ చట్టం కింద అడిగితే ఇస్తారా? అన్నిటికంటే ముఖ్యం, కొద్దిపాటి సొమ్ము ఇస్తాం, ఇంతటితో సరి అని సంతకం చేయమంటున్నారు. చేస్తే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లే దారి మూసుకుపోతుందా?