మేం ఆడే గేమ్ స్టూడియోని పెద్ద కంపెనీ కొనేసింది, ఇప్పుడు ఏం చేసుకోవాలి?

ఐదేళ్లుగా ఒక గేమ్ ఆడుతున్నాను. పట్టుమని పది మంది కూడా లేని చిన్న స్టూడియో చేసింది. పోయిన వారం దాన్ని ఓ పెద్ద కంపెనీ కొనేసింది. అప్పటి నుంచి మా గ్రూపులో ఒకటే గోల. సగం మంది "ఇక అయిపోయింది" అంటూ అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తున్నారు. మిగతావాళ్లు డబ్బులొస్తే బగ్గులైనా పోతాయిగా అంటున్నారు.

నాకైతే రెండూ నిజమే అనిపిస్తోంది. 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు మైన్‌క్రాఫ్ట్ చేసిన మోజాంగ్ స్టూడియోని కొన్నాక ఆ ఆట ఇంకా పెరిగింది. కానీ పాత అకౌంట్‌ని గడువులోగా మార్చుకోనివాళ్లకు 2023లో డబ్బు పెట్టి కొన్న ఆటే అందకుండా పోయింది. ఎపిక్ గేమ్స్ కంపెనీ 2019లో సైయోనిక్స్ స్టూడియోని కొన్నాక వాళ్ల ఆట రాకెట్ లీగ్ ఉచితమైంది, మ్యాక్, లైనక్స్ వాళ్లకు మాత్రం ఆన్‌లైన్ ఆట ఆగిపోయింది.

నా టెన్షన్ ఇదే. నిన్న రాత్రి లాంచర్ (ఆటను మొదలుపెట్టే ప్రోగ్రామ్) తెరిస్తే కొత్త అకౌంట్ పెట్టుకోమని ఒక కిటికీ వచ్చింది, మూలన చిన్నగా "తర్వాత" అని ఉంది. అదే నొక్కి, సేవ్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పడుకున్నాను. (నవ్వకండి, అందులో నాలుగు వందల గంటల ఆట ఉంది.)

ఇలాంటిది చూసినవాళ్లు చెప్పండి. అకౌంట్ ఇప్పుడే మార్చుకోవడం మంచిదా, ఆగాలా? సేవ్‌లతో పాటు మోడ్‌లు (ఆటగాళ్లు చేసుకున్న మార్పుల ఫైళ్లు), ఇప్పటి వెర్షన్ ఇన్‌స్టాలర్ కూడా దాచుకోవాలా? ఇంటర్నెట్ తీసేసి ఆడితే పాత సేవ్‌లు తెరుచుకుంటాయో లేదో ముందే తేల్చుకునే దారి ఏమైనా ఉందా?