లైవ్ రికార్డింగులో చప్పట్లు కోసెయ్యొచ్చా? (పియానో జంటలు, చిన్న అకూస్టిక్ బృందాలు)

మూడోవరుస:
నిన్న రాత్రి ఒక పని చేశాను, దాని మీద ఒక స్నేహితుడితో గొడవైంది. తీర్పు మీరు చెప్పండి.

జాజ్ వాద్యకారులు స్టాన్ గెట్జ్, కెన్నీ బారన్ కలిసి కచేరీలో వాయించిన 'పీపుల్ టైమ్' ఆల్బమ్ ఉంది కదా, గెట్జ్ టెనర్ శాక్సోఫోనూ బారన్ పియానో మాత్రమే. ఆ ఫైళ్ళు కంప్యూటర్లో తెరిచి ప్రతి పాట చివరా చప్పట్లు కోసేశాను. రాత్రిళ్ళు దీపం ఆర్పి హెడ్‌ఫోన్లలో వినే అలవాటు నాది. మెల్లని పాట ముగిసి ఆఖరి స్వరం ఇంకా గాల్లో ఉండగానే జనం మీద పడిపోతే ఎవరో దుప్పటి లాగేసినట్టుంటుంది. కోసిన కాపీ స్నేహితుడికి పంపితే, "శవానికి పౌడర్ అద్దినట్టు చేశావు" అన్నాడు.

నేను అడిగేది బిగ్ బ్యాండ్ లాంటి పెద్ద బృందాల గురించి కాదు, అక్కడ జనం గోల ఇత్తడి వాద్యాల్లో కలిసిపోతుంది. రెండు పియానోలు, పియానోతో బేస్, డ్రమ్స్ మీద బ్రష్‌లు మాత్రమే ఆడే త్రయం, ఇలాంటి పల్చటి సంగీతంలో దగ్గు కూడా వినబడుతుంది. అక్కడ జనం చప్పుడు సంగీతంలో భాగమా, సంగీతం మీద పడ్డ దుమ్మా?

టేపుచుట్ట:
మీ స్నేహితుడి పక్షమే నేను.

ముందు మీరు కోసిన రికార్డు సంగతే చూద్దాం. అది 1991 మార్చిలో కోపెన్‌హాగెన్‌లోని కఫే మాన్మార్ట్‌లో జరిగింది. అప్పటికే గెట్జ్‌కి కాలేయ క్యాన్సర్, జూన్‌లో పోయాడు. ఒక్కో సోలో అయ్యాక ఆయనకి ఊపిరి అందేది కాదని బారనే తర్వాత చెప్పాడు. అంటే పాటకీ పాటకీ మధ్య వినబడే ఆ చప్పట్లు ఆ మనిషి ఊపిరి కూడదీసుకున్న వ్యవధి. మీరు కోసింది జనాన్ని కాదండీ, దాన్ని. మీ కాపీలో ఒక ఆరోగ్యవంతుడు వరసగా వాయించుకుపోతున్నాడు. అలాంటి రాత్రి ఎప్పుడూ జరగలేదు.

ఇక 1961 జూన్ 25, న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్. పియానో మీద బిల్ ఎవాన్స్, బేస్ మీద స్కాట్ లఫారో, డ్రమ్స్ మీద పాల్ మోషన్. ఆదివారం మధ్యాహ్నం రెండు విడతలు, రాత్రి మూడు. గ్లాసులు తగిలిన చప్పుడు, ఎవరివో కబుర్లు, సంగీతంతో ఏ సంబంధమూ లేని ఒక నవ్వు, అన్నీ టేపులోకి ఎక్కాయి. సరిగ్గా 11 రోజులకి లఫారో కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి 25 ఏళ్ళవాడు. ఆ నవ్వినవాళ్ళకి తాము దేని పక్కన కూర్చున్నారో తెలియదు. ఆ గ్లాసుల చప్పుడు తుడిచేస్తే స్వరాలు మిగులుతాయి గానీ గది పోతుంది.

ఎడమచెయ్యి:
టేపుచుట్ట గారూ, బాగా రాశారు గానీ సంగీతాన్ని వదిలి చావుల మీద మాట్లాడుతున్నారు. లఫారో బతికి ఉంటే ఆ గ్లాసుల చప్పుడు మీకు చిరాకు తెప్పించేది.

పైగా మీరు తలకెత్తుకుంటున్న వాన్‌గార్డ్ రికార్డు కోత పడనిదేమీ కాదు. 'సండే ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్' ఎల్పీ లఫారో పోయాక కూర్చినది. ఆయన స్వరపరిచిన 'గ్లోరియాస్ స్టెప్'తో మొదలై ఆయనదే 'జేడ్ విజన్స్'తో ముగుస్తుంది. ఆ రోజు వాయించిన వరస అది కాదు. మొదటి విడతలో 'గ్లోరియాస్ స్టెప్' నడుస్తుండగా కరెంటు పోయి టేపులో గండి పడింది, ఆ టేకు ఎల్పీలోకి రాలేదు. అయిదు విడతలనూ వరసగా, మధ్య మాటలతో సహా వినాలంటే 2005లో మూడు సీడీల సంపుటి వచ్చేదాకా ఆగాల్సివచ్చింది. నలభై ఏళ్ళపాటు లోకం ప్రేమించింది కోసి కూర్చినదాన్నే.

పియానో వాయించే అహ్మద్ జమాల్ సంగతీ అంతే. 1958 జనవరిలో షికాగో పెర్షింగ్ హోటల్లో త్రయంతో 43 పాటలు రికార్డు చేసి, తనే కూర్చుని 8 ఏరుకున్నాడు. కళాకారుడు 35 పాటలు పక్కన పెడితే అభిరుచి అంటాం. మూడోవరుస గారు 20 సెకన్ల చప్పట్లు పక్కన పెడితే నేరమా?

టేపుచుట్ట:
ఏరుకోవడం వేరు, ఏరినదాన్ని చెక్కడం వేరు. అంతకుమించి ఇప్పుడు చెప్పను, కోపంలో ఉన్నాను :)

నల్లమెట్టు:
నేను కచేరీలు రికార్డు చేసేవాణ్ణి. రెండు పియానోల కచేరీలు కూడా కొన్ని చేశాను. ధర్మాధర్మాలు మీకొదిలేసి చేతిపని గురించి చెప్తాను.

రెండు గ్రాండ్ పియానోలను ఒకదాని వంపులో ఒకటి ఇమిడేలా, వాయించేవాళ్ళు ఎదురెదురుగా కూర్చునేలా పెడతారు. గ్రాండ్ మూత ఒక పక్కకే తెరుచుకుంటుంది. ఒకదాని మూత జనం వైపు తెరుచుకుంటే, తిప్పిపెట్టిన రెండోదానిది వెనక గోడ వైపు తెరుచుకుంటుంది. అందుకని రెండోదాని మూత పూర్తిగా తీసేస్తారు. ఇక ఆ ధ్వని పైకి, హాలంతా పరుచుకుంటుంది. మైకు తీగల దగ్గరికి తోస్తే దగ్గులు తగ్గుతాయి, కానీ పెడల్ చప్పుడూ సుత్తుల టకటకా పెరుగుతాయి. పైగా రెండు పియానోలూ రెండు వేరే గదుల్లో ఉన్నట్టు వినిపిస్తాయి. దూరం జరిపితే రెండూ ఒకే గాలిలో కలుస్తాయి, దాంతోపాటు మూడో వరుసలో కుర్చీ కిర్రుమనడమూ వస్తుంది. ఒకటి కావాలంటే రెండోది ఒప్పుకోవాల్సిందే.

చప్పట్లు కోయడమంటే కత్తెర పని అనుకుంటారు. ఆఖరి తీగ మోగుతుండగానే మొదటి చప్పట్టు పడుతుంది, రెండూ ఒకే మైకులో ఉంటాయి. చప్పట్టు తీసేస్తే ఆ తీగ తోక తెగుతుంది. ఒకసారి కొత్తలో నేనూ మూడోవరుస గారిలాగే చేశాను. పాట చివర మెల్లగా తగ్గించి సున్నా చేశాను. వాయించిన పెద్దాయన విని ఒకే మాట అన్నాడు: "నేను పెడల్ ఇంత తొందరగా వదల్లేదే?" పెడల్ తొక్కి ఉన్నంతసేపూ స్వరం మోగుతూనే ఉంటుంది. నిజమే, ఆయన కాలు వదలకముందే నేను వదిలేశాను.

ఇంకో సంగతి. రెండు రాత్రుల టేపులు అతకడం కూడా జనం అనుకున్నంత తేలిక కాదు. దీపాల వేడికీ, నిండిన హాల్లో తేమకీ రెండో సగం వచ్చేసరికి శ్రుతి కొంచెం కదులుతుంది. ఒక్క పియానో అయితే చెవి సర్దుకుంటుంది. రెండు పియానోలు రెండు రకాలుగా కదిలాయంటే ఒకే స్వరం ఇద్దరూ నొక్కినప్పుడు అల అలగా ఊగుతుంది. నిన్నటి మొదటి సగానికి ఇవాళ్టి రెండో సగం అతికారా, ఎక్కడ కుట్టారో చెవికి తెలిసిపోతుంది.

ఎడమచెయ్యి:
అంటే కోయడం కష్టమంటున్నారు, తప్పనడం లేదు.

నల్లమెట్టు:
అవును. తప్పని నేను అనలేదు.

సూదిమొన:
మీరంతా చప్పట్లు తీసెయ్యడం గురించి కొట్టుకుంటున్నారు. చప్పట్లు కలపడం సంగతేంటి? నన్నడిగితే అసలు గొడవ అక్కడుంది.

చిన్న బృందం కాదు గానీ ఈ ఒక్కటీ చెప్పక తప్పదు. 1956 న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో డ్యూక్ ఎలింగ్టన్ బిగ్ బ్యాండ్ కచేరీ. పాల్ గన్‌సాల్వెస్ శాక్సోఫోన్ మీద 27 కోరస్‌లు (పాట వరస ఒక చుట్టు తిరిగితే ఒక కోరస్) ఊదిన రాత్రి. పాపం ఆయన ఊదింది రికార్డు వేసే కొలంబియా కంపెనీ వాళ్ళ మైకులోకి కాదు, పక్కనున్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకులోకి. న్యూపోర్ట్ పేరుతో వచ్చిన ఎల్పీలో చాలా భాగం తర్వాత స్టూడియోలో మళ్ళీ వాయించి, చప్పట్లు పైన చల్లినది. 1999లో రేడియో వాళ్ళ టేపునూ కొలంబియా టేపునూ జతచేసి అసలు కచేరీ బయటపెట్టారు.

కానన్‌బాల్ యాడర్లీ బృందం 'మెర్సీ, మెర్సీ, మెర్సీ' 1966ది. అట్ట మీద 'లైవ్ ఎట్ ది క్లబ్' అని ఉంటుంది, లోపల షికాగో క్లబ్ అని చెప్తారు. నిజానికి లాస్ ఏంజెలెస్‌లో క్యాపిటల్ స్టూడియోకి జనాన్ని పిలిచి, తాగడానికి పోసి రికార్డు చేశారు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఆ 'లైవ్ ఎట్ ది క్లబ్'లో క్లబ్ అంత. కానీ నవ్వులూ కేకలూ నిజమే, వాయించినవాళ్ళు వాటికి ఊగిపోవడమూ నిజమే. ఇప్పుడు దీన్ని లైవ్ అనాలా, అబద్ధం అనాలా?

మూడోది మీ అందరికీ తెలిసిందే, 1953 మే 15 టొరంటో మాసీ హాల్. శాక్సోఫోన్ పార్కర్, ట్రంపెట్ గిలెస్పీ, పియానో బడ్ పావెల్, బేస్ మింగస్, డ్రమ్స్ రోచ్. టేపులో బేస్ సరిగా వినబడలేదని మింగస్ తర్వాత స్టూడియోలో తన భాగం మీద మళ్ళీ వాయించుకున్నాడు. ఆ అతుకు లేని రూపం కూడా తర్వాత వచ్చింది. నేను రెండూ విన్నాను. అతుకు ఉన్నదానిలో బేస్ దిట్టంగా ఉంటుంది గానీ, మిగతా నలుగురు ఆ రాత్రి వింటున్న బేస్ అది కాదు. తను లేని సంభాషణలో ఒక మనిషి తర్వాత వచ్చి "ఊఁ" కొట్టినట్టుంటుంది. అన్యాయమంతా అదే నా లెక్కలో. చప్పట్లు ఉంటే ఎంత, పోతే ఎంత! ఆ రాత్రి ఒకరి మాట ఒకరు విని జవాబిచ్చారా లేదా, అది చెడకూడదు. మూడోవరుస గారి కోతతో అది చెడలేదు.

టేపుచుట్ట:
కోపం తగ్గింది. మింగస్ పేరెత్తారు కాబట్టి అదే మనిషి 1960లో చేసింది కూడా చెప్పుకోవాలి. స్టూడియోలో నలుగురే ఉన్నారు, ఎదురుగా ప్రేక్షకులు ఒక్కరూ లేరు. అయినా పాటకి ముందు లేని జనాన్ని ఉద్దేశించి చప్పట్లు కొట్టొద్దనీ, గ్లాసుల్లో ఐసు ఆడించొద్దనీ హెచ్చరించాడు! క్లబ్బుల్లో ఆ చప్పుడుతో విసిగిపోయినవాడే, అది లేని చోట ఊహించుకోకుండా వాయించలేకపోయాడు. నా వాదనకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఎడమచెయ్యి:
ఎంత చక్కగా తిప్పారండీ. ఆయన నోరు తెరిచి "వద్దు" అంటే, మీకు "కావాలి" అని వినబడింది.

కొత్తచెవి:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. రెండు పియానోల లైవ్ ఇప్పటిదాకా వినలేదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

సూదిమొన:
హెర్బీ హాంకాక్, చిక్ కొరియా 1978 ఫిబ్రవరి పర్యటన. రెండు కంపెనీలు చెరో డబుల్ ఆల్బమ్ వేశాయి, కొలంబియా ఒకటి, పాలీడోర్ ఒకటి. 'మెయిడెన్ వాయేజ్', 'లా ఫియెస్టా' రెండింటిలోనూ ఉన్నాయి. పక్కపక్కన పెట్టి వినండి. అదే పాట, అదే ఇద్దరు, దారి మాత్రం వేరు. మనోధర్మం అంటే ఏంటో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఇద్దరూ ఎలక్ట్రిక్ వాద్యాలతో ఊపేస్తున్న రోజుల్లో వాటిని ఇంట్లో పెట్టి ఉత్త పియానోలతో వచ్చారు.

అది నచ్చాక, గుండె గట్టిగా ఉంటే 'ఎంబ్రేస్డ్'. 1977 ఏప్రిల్ 17, కార్నెగీ హాల్, మేరీ లూ విలియమ్స్, సెసిల్ టేలర్. పేరు ఆలింగనం, లోపల జరిగింది తోపులాట. ఆమె బ్లూస్ వైపు లాగుతుంటే ఆయన తన దారిన ఉరుముతుంటాడు. రెండు పియానోలంటే మొత్తం 176 మెట్లు. ఆ రాత్రి అవన్నీ చాల్లేదు వాళ్ళకి.

కొత్తచెవి:
ధన్యవాదాలండీ. చప్పట్లతోనే వింటాను :)

మూడోవరుస:
అందరికీ నమస్కారం. ఉదయాన్నుంచీ చదువుతున్నాను.

సూదిమొన గారు నన్ను వదిలేశారు గానీ, పడుకోనివ్వనిది టేపుచుట్ట గారి ఊపిరి మాట. రాత్రి అసలు ఫైలు మళ్ళీ పెట్టి పాటల మధ్య భాగాలు మాత్రమే విన్నాను. ఊపిరి వినబడిందని అబద్ధం చెప్పను. కానీ ఒకచోట చప్పట్లు అయిపోయాక కాసేపు ఏమీ లేదు. అంతకుముందు అది నాకు ఖాళీలా ఉండేది, ఇప్పుడు అలా అనిపించడం లేదు.

నల్లమెట్టు గారు చెప్పిన తోక కూడా చూసుకున్నాను. నిజమే, మూడు పాటల్లో బారన్ ఆఖరి స్వరాన్ని నేను సగంలో తుంచేశాను. సిగ్గేసింది. కోసిన కాపీ తీసేశాను.

ఒక్క పాట మాత్రం ఉంచుకున్నాను. దాని చివర చప్పట్లు లేకుండానే పడుకుంటాను, తిట్టుకోండి.

ఎడమచెయ్యి:
శభాష్. ఏ పాట?

మూడోవరుస:
'ఫస్ట్ సాంగ్'.

టేపుచుట్ట:
...సరే. అది ఒక్కటీ ఉంచుకోండి.