"హెచ్చరిక పుత్రుడు": బర్నబాకి ఈ పేరు సరిపోతుందా?

అపొస్తలుల కార్యములు 4:36లో కుప్రకు (సైప్రస్ ద్వీపం) చెందిన యోసేపు అనే లేవీయుడికి అపొస్తలులు బర్నబా అని పేరు పెట్టారనీ, దానికి "హెచ్చరిక పుత్రుడు" అని అర్థమనీ ఉంది. ఇది తప్పు అనువాదం కదా, ఆయన ఎవరిని బెదిరించాడు అని నిన్న ఒకరు అడిగారు.

తప్పు కాదండీ. ఇప్పుడు హెచ్చరిక అనగానే మనకి తుఫాను హెచ్చరికే గుర్తొస్తుంది. పాత తెలుగులో మెలకువ, జాగ్రత్త, సావధానం చేయడం అనే అర్థాలు బలంగా ఉండేవి. రాజు సభకి వస్తున్నా, ఉత్సవంలో దేవుడు వేంచేస్తున్నా పలికేది హెచ్చరికే. అప్పుడు పాడే పాటలకీ అదే పేరు. కన్నడంలో ఎచ్చర అంటే నేటికీ మెలకువే.

గ్రీకు మూలంలో ఉన్న మాట పరాక్లేసిస్. దగ్గరికి పిలిచి ధైర్యం చెప్పడం, ఓదార్చడం, ఒక పనికి పురికొల్పడం అన్నీ అందులోనే ఉన్నాయి. తెలుగు బైబిల్లో ఒకచోట ఇది ఆదరణ అయింది (2 కొరింథీ 1:3), ఇక్కడ హెచ్చరిక అయింది. యోహాను సువార్తలోని ఆదరణకర్త కూడా ఈ కుటుంబం మాటే.

ఆయన చేసిన పనులు చూస్తే పేరు ఎంత అతికిందో తెలుస్తుంది. శిష్యుల్ని హింసించిన సౌలు (తర్వాత పౌలు) మారాడంటే యెరూషలేములో ఎవరూ నమ్మలేదు, అందరికీ భయం. అప్పుడు బర్నబా "అతనిని దగ్గరతీసి" అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు (అపొస్తలుల కార్యములు 9:27). దగ్గరతీయడం! ఎంత చక్కటి తెలుగు! తర్వాత అంతియొకయకు వెళ్లి, యూదులు కానివాళ్లు కూడా విశ్వసించడం చూసి సంతోషించి అందరినీ "హెచ్చరించెను" (11:23). గ్రీకులో ఈ క్రియ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. అక్కడితో ఆగకుండా తార్సు దాకా వెళ్లి సౌలును వెతికి తీసుకొచ్చాడు. ఇద్దరూ ఏడాదిపాటు బోధించారు. శిష్యులకి క్రైస్తవులు అనే పేరు మొదట వచ్చింది అంతియొకయలోనే.

పౌలు గురించి ఎంతో మాట్లాడుకుంటాం. ఆయన్ని ముందుకు తెచ్చిన మనిషికి ఆ గౌరవంలో సగం కూడా ఇవ్వం. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. ఇద్దరి మొదటి సువార్త ప్రయాణం మొదలైనప్పుడు, అపొస్తలుల కార్యములు రాసిన లూకా పెట్టే వరస "బర్నబా, సౌలు". కుప్రలోని పాఫు ఊరు దాటాక "పౌలు, బర్నబా" అని రాయడం ఎక్కువవుతుంది. బర్నబా దానికి నొచ్చుకున్నట్టు ఎక్కడా లేదు. మొదటి ప్రయాణంలో మధ్యలోనే వెనక్కి వెళ్లిపోయిన మార్కును మళ్లీ వెంట తీసుకెళ్లాలా వద్దా అన్న దగ్గర మాత్రం ఆయన పట్టు విడవలేదు. పౌలుతో విడిపోయి మరీ మార్కుతో కుప్రకు ఓడెక్కాడు (15:39). ఆ మార్కునే, తనకు ఉపయోగపడతాడు, తీసుకురమ్మని 2 తిమోతి 4:11లో పౌలు అడుగుతాడు.

అందుకే "ఆదరణ పుత్రుడు" అని మార్చాలంటే నేను ఒప్పుకోను. ఆదరణలో ఓదార్పు ఉంది కానీ పురికొల్పడం లేదు. పాత మాటే ఉంచి, కింద ఒక చిన్న వివరణ ఇస్తే చాలు.

ఇంకొకరు అపొస్తలుల కార్యములు 14:12లో లుస్త్ర ఊరివాళ్లు బర్నబాని "ద్యుపతి" అనడం ఏంటని అడిగారు. గ్రీకులో అది జెయుస్, అంటే వాళ్ల ఆకాశ దేవుడు. ద్యు అంటే సంస్కృతంలో ఆకాశం. జెయుస్, ద్యౌః రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు కాబట్టి అనువాదకులు చాలా తెలిసి పెట్టిన పేరది.